నల్లా వరుసలో పుస్తకం

ఛత్రినాక,
9 జూన్ 2025

సుజన బిడ్డకు,

నీ కైలాసం మామ ఇక్కడ ఒక చెవితో క్షేమం. ఫోన్ చెయ్యక ఉత్తరాలెందుకు రాస్తావని పోయినసారి అడిగావు. ఎడమ చెవి పూర్తిగా సెలవు పెట్టింది. కుడిది సగం జీతం మీద పనిచేస్తోంది. ఫోన్‌లో నువ్వు చెప్పేదాంట్లో సగం వినపడుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. పోయిన ఏడాది అలాగే నీకు లేని ప్రమోషన్ ఒకటి ఇప్పించి, గల్లీలో ఇంటింటికీ చెప్పి వచ్చాను. ఇప్పటికీ కొందరు నిన్ను ఆఫీసరమ్మ అనే అడుగుతారు. నేను దిద్దలేదు. ఎప్పటికైనా అవుతావు కదా.

మీ ఆఫీసు పంపిన ఫారం నింపి దీంతోపాటే పెడుతున్నాను. హైదరాబాద్‌తో సహా అన్ని శాఖల లెక్కలూ కరీంనగర్‌లోనే కంప్యూటర్‌లోకి ఎక్కుతాయని, ఎక్కించేది నువ్వేనని తెలిసి, చిన్నప్పుడు సెలవులకు వచ్చి నా బల్ల కింద బొమ్మల పుస్తకాలు చూస్తూ నిద్రపోయిన పిల్లకే లెక్క చెప్పాల్సి వచ్చిందని నవ్వుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు ఈ లైబ్రరీ గదిలో అటెండర్‌గా చేశాను. రిటైరై ఆరేళ్లయినా నా స్థానంలో ఎవరినీ వెయ్యలేదు కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. రోజూ పొద్దున గది తెరుస్తాను. నాకు ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు.

లెక్క ఇది. గది ఒకటి. ఫ్యాన్లు రెండు, తిరిగేది ఒకటి. కంప్యూటర్ ఒకటి, గుడ్డ కప్పి ఉంది. పుస్తకాలు నాలుగు వేల నూట పదహారు. ఇందులో చెదలు తిన్నవి కలపలేదు. మా చెదలకు మంచి అభిరుచి ఉంది బిడ్డా. తర్కశాస్త్రం మొత్తం తిన్నాయి, వంటల పుస్తకాన్ని మాత్రం ముట్టుకోలేదు. నేను ఐదో తరగతితో బడి మానేసి, ఊడ్వడానికి వచ్చిన గదిలోనే చదువు నేర్చుకున్నవాణ్ణి కాబట్టి వాటితో నాకు పాత పోటీ. ఏ పుస్తకం ముందు ఎవరు తినాలని.

సభ్యులు ఇరవై ముగ్గురు. ఉన్నది ఉన్నట్టు రాశాను. మునుపు ఇక్కడ పనిచేసిన పెద్దసారు ప్రతి లెక్క పక్కనా ఒక సున్నా పెట్టేవాడు. నాకు ఆ అలవాటు లేదు.

మీ అత్తమ్మ విమలాదేవి మాగాయ పెట్టింది. నీ వాటా సీసాకు నీ పేరు చీటీ అంటించాను.

కైలాసం మామ


కరీంనగర్,
14 జూన్ 2025

మామకు దండాలు. అత్తమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయలేదు.

మామా, ఆ సున్నా పెట్టినా బాగుండేది.

నవ్వుతావని రాశాను గానీ నాకు నవ్వు రావడం లేదు. నీ ఫారం అంకెలు నేనే ఎక్కించాను. ఎక్కించిన మరునిమిషమే మీ గది పేరు ఎర్రగా మారింది. సభ్యులు రెండు వందలకు తక్కువుంటే కంప్యూటర్ ఆ శాఖను మూసివేత జాబితాలోకి దానంతట అదే నెట్టేస్తుంది. ఆ ఏర్పాటు చేసిన బృందంలో నేనూ ఉన్నాను. జూలై ముప్పై ఒకటి దాకా గడువుంది. ఆ లోపల రెండు వందలు దాటకపోతే గదికి తాళం, పుస్తకాలు గోదాముకు. గోదాములో వాటిని చదివేది చెదలే.

ఇరవై ముగ్గురేనా మామా? నేను చిన్నప్పుడు చూసిన గది కదా అది. అందరూ ఫోన్లలో పడి చదవడం మానేశారా? అలాగైతే భయపడకు, మేం తయారు చేసిన యాప్ అందుకే. పరీక్షల పుస్తకాలు, పాత పత్రికలు, అన్నీ ఫోన్‌లోనే చదువుకోవచ్చు. ఒక్కొక్కరి పేరు, ఫోన్ నంబర్ ఎక్కిస్తే చాలు, ఆ నంబర్‌కు ఒక కోడ్ వస్తుంది, అది కొడితే సభ్యులైనట్టే. కంప్యూటర్ మీద గుడ్డ తియ్యి. నీ వైపు నుంచి వచ్చినవాటిని ఇక్కడ నేనే మంజూరు చేస్తాను.

సుజన


ఛత్రినాక,
20 జూన్ 2025

సుజనకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు మీ అత్తమ్మ, "పిల్ల మీద అలిగి గది నిలబడ్తదా?" అన్నది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. ఆమె మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరు ఇంకా బాగుంది.

ముందు ఒక సంగతి. ఎవరూ చదవడం మానలేదు. ఇరవై మూడు కార్డులంటే ఇరవై ముగ్గురు మనుషులని నీకెవరు చెప్పారు? మా దగ్గర కార్డు మనిషికి కాదు, గల్లీకి. ఇది నేను పెట్టిన పద్ధతి కాదు. నా ఉద్యోగం కొత్తలో గల్లీకి ఒకటే నల్లా ఉండేది. బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్లు నిలబడేవారు. మొదటి బిందె వాళ్లు పుస్తకం తెచ్చుకుంటే, చదివి నల్లా దగ్గర రెండో బిందె వాళ్లకు ఇచ్చేవారు. వాళ్లు మూడో బిందెకు. చివరి బిందె ఇంటివాళ్లు తెచ్చి నాకు అప్పజెప్పాలి. ఇప్పుడు ఇంటింటికీ నల్లాలు వచ్చాయి, వరుస మాత్రం అదే. బసవయ్య కిరాణా దుకాణం గల్లీలో తొమ్మిది ఇళ్లు. ఒక నవల పోతే నలభై రోజులకు వస్తుంది, ఒక్కో పేజీకి ఒక్కో ఇంటి పోపు వాసనతో. నా రిజిస్టర్‌లో మాత్రం ఒక కార్డు, ఒక పుస్తకం, ఒక సంతకం.

ఇది మీ కంప్యూటర్‌కు తెలియదు. దాన్ని అనడం లేదు, నేను చెప్పలేదు కాబట్టి తెలియదు.

సరే, నువ్వన్నావని ఇంటింటికీ తిరిగాను. పేరు అడిగితే ఇచ్చారు. ఫోన్ నంబర్ అడిగితే తలుపు దగ్గరికి వేశారు. బసవయ్య భార్య నాగమణమ్మ ఏమందో విను.

"కైలాసమన్నా, నువ్వు మంచోనివే. కని ఒక్కపారి నంబర్ ఇస్తే ఇగ లోన్ కావాల్నా, ప్లాట్ కావాల్నా అని పొద్దుగాల కెల్లి ఫోన్లే. మొన్న చీరల దుకాణంల ఇచ్చిన. గిప్పటిదాకా వదుల్తలేరు. పుస్తకానికి ఫోన్ నంబర్ ఏంది? పుస్తకం నాకు ఫోన్ చేస్తదా?"

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

ఇంకొక సంగతి, దీనికి సంబంధం లేదు గానీ రాయకుండా ఉండలేను. ఆటో డానియేలు రోజూ పేపర్ చదవడానికి వస్తాడు, క్రీడల పేజీ తప్ప మిగతాది పరుపుగా వాడతాడు. మొన్న ఫోన్ పట్టుకొని పరుగున వచ్చాడు. "అన్నా, పురానాపూల్ తొవ్వ నెల రోజులు బంద్ అంట, మెసేజ్ వచ్చింది. రెండు రోజుల సంది చుట్టు తిరిగి పోతున్న. గిరాకీలు లొల్లి పెడ్తున్నరు." వారం రోజుల పేపర్లు తీసి ఇద్దరం వెతికాం. ఎక్కడా లేదు. మెసేజ్ కింద తేదీ చూస్తే మూడేళ్ల కిందటిది. డానియేలు తల పట్టుకున్నాడు. ఆ మరునాటి నుంచి రోజుకు నలుగురైదుగురు ఫోన్లు పట్టుకొచ్చి, "గిది నిజమేనా సూడు" అంటున్నారు. ముప్పై ఎనిమిదేళ్లలో నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

నంబర్ల సంగతి ఏదో ఒకటి చేస్తాను. ఫికర్ చెయ్యకు.

మామ


కరీంనగర్,
28 జూన్ 2025

మామా,

పొద్దున కంప్యూటర్ తెరిచి కళ్లు నులుముకున్నాను. వారంలో రెండు వందల పన్నెండు మంది. అన్నీ వరుసగా మంజూరు చేసేశాను. మీ గది పేరు ఎరుపు పోయి పచ్చగా మారింది. పక్క సీటు అమ్మాయికి చూపించి, మా మామ ఐదో తరగతే చదివాడని చెప్పాను.

గల్లీ కార్డు సంగతి చదివి బాగా నవ్వుకున్నాను. ఇక దాని అవసరం లేదు కదా, అందరికీ సొంత కార్డులు వచ్చాయి. నాగమణమ్మగారిని ఎలా ఒప్పించావో రాయి. మిగతా శాఖలవాళ్లకు చెప్తాను.

సుజన


ఛత్రినాక,
3 జూలై 2025

ఆఫీసరమ్మ కాబోయే సుజనకు,

ఎలా ఒప్పించానని అడిగావు. ఒప్పించలేదు. అవసరం రాలేదు.

నీకు తెలియని కాలం ఒకటి చెప్తాను. ఒకప్పుడు మా ఐదు గల్లీలకూ కలిపి ఒకటే ఫోన్, బసవయ్య దుకాణంలో. ఉద్యోగం దరఖాస్తులోనైనా, పెళ్లి పత్రికలోనైనా అందరం ఆ నంబరే రాసి, పక్కన పీపీ అని రాసేవాళ్లం. ఫోన్ వస్తే బసవయ్య గద్దె మీదినుంచే కేకేసేవాడు. నా ఉద్యోగం ఆర్డర్ కూడా ఆ ఫోన్‌లోనే తెలిసింది, నాకంటే ముందు గల్లీకంతా. సర్కారు ఒప్పుకుంది, పెళ్లివాళ్లు ఒప్పుకున్నారు. అదే దారి నాకు తోచింది.

మీ అత్తమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉంది కదా. రెండు వందల పన్నెండు పేర్లకూ ఆ నంబరే ఇచ్చాను. కంప్యూటర్ ముందు కూర్చుంది నాగమణమ్మ కూతురు స్రవ్య, డిగ్రీ చదువుతోంది. "కాకా, అందరికి ఒక్కటే నంబర్ కొడ్తే తీస్కుంటదా?" అంది. కొట్టి చూడమన్నాను. తీసుకుంది. కోడ్ వచ్చినప్పుడల్లా మీ అత్తమ్మ గది పక్కనే ఉన్న మా వంటింటి కిటికీలోంచి అరిచేది, స్రవ్య ఇక్కడ కొట్టేది. నాలుగు రోజులు గల్లీ గల్లీ అంకెలతో మారుమోగింది. కూరగాయల బండివాడు భయపడి ధర తగ్గించాడట.

పీపీ అని రాయడానికి మాత్రం మీ ఫారంలో గడి లేదు. చూసి పెట్టించు.

గల్లీ కార్డు అవసరం లేదన్నావు. అది నాకు నచ్చలేదు. ఆ మాట తర్వాత మాట్లాడదాం.

మామ


కరీంనగర్,
4 జూలై 2025

మామా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న బాలరాజ్ సార్, అంటే మా తనిఖీ అధికారి, నన్ను పిలిచి ఒక కాగితం చూపించారు. ఛత్రినాక శాఖలో రెండు వందల పన్నెండు మందికీ ఒకే ఫోన్ నంబర్. దొంగ పేర్లని కంప్యూటరే పట్టుకుంది. మంజూరు చేసింది నా పేరు మీద. ఆ నంబర్ ఎవరిదో చూడగానే గుర్తుపట్టాను. అత్తమ్మది.

నాకు మెమో ఇచ్చారు. పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి. పదిహేడో తేదీ గురువారం సార్ స్వయంగా మీ గదికి వస్తున్నారు. పేర్లు దొంగవని తేలితే గది ఆ రోజే మూస్తారు, నా ఉద్యోగం సంగతి ఆ తర్వాత.

గది కోసం నువ్వు ఏమైనా చేస్తావని నాకు తెలుసు. అబద్ధం కూడా రాస్తావని మాత్రం అనుకోలేదు. నీ ఫారంలో సున్నా పెట్టనన్నావు కదా మామా.

సుజన


ఛత్రినాక,
9 జూలై 2025

సుజనకు,

నా మూడో తేదీ ఉత్తరం, నీ నాలుగో తేదీ ఉత్తరం దారిలో ఎక్కడో ఎదురుపడి, పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. ఈపాటికి నాది నీకు అంది ఉంటుంది. అందినా ఇంకొకసారి రాస్తాను. అవి దొంగ పేర్లు కావు. రెండు వందల పన్నెండు మందీ నీళ్లు పట్టుకుంటారు, పుస్తకాలు చదువుతారు, నాతో గొడవ కూడా పెట్టుకుంటారు.

అబద్ధం అన్న మాట దగ్గర ఆగిపోయాను. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాను. అదే మాట ఉంది. మీ అత్తమ్మకు చదివి వినిపించలేదు. తన ఫోన్ వల్ల నీకు మెమో వచ్చిందని తెలిస్తే ఆమె ఆ ఫోన్‌ను నీళ్ల డ్రమ్ములో వేస్తుంది.

తప్పు నాది. తెలియక చేసినా నాదే. బాలరాజ్ సార్ పేరున ఉత్తరం రాసి పెట్టాను. పేర్లు ఎక్కించింది నేను, సుజనకు ఏమీ తెలియదు, గది మూసినా సరే, పిల్లను ఏమీ అనకండి అని. రేపు పోస్ట్ చేస్తాను.

మామ


కరీంనగర్,
12 జూలై 2025

మామా,

ఆ ఉత్తరం పోస్ట్ చెయ్యకు. చేసి ఉంటే పోస్ట్‌మ్యాన్ కాళ్లు పట్టుకో. నేను నిన్ను ఆ మాట అని ఉండకూడదు. నీ మూడో తేదీ ఉత్తరం చదివాక పీపీ అంటే ఏమిటో మా ఆఫీసులో అడిగాను. పాతికేళ్లవాళ్లు ఎవరికీ తెలియదు. బాలరాజ్ సార్‌కు తెలుసు, కానీ అప్పుడు ఆయన నవ్వలేదు.

గురువారం పదకొండింటికి వస్తారు. వచ్చేసరికి గది నిండా జనం ఉండాలి. షెల్ఫుల నిండా పుస్తకాలు ఉండాలి. గల్లీల నుంచి పుస్తకాలన్నీ తెప్పించు. కనీసం యాభై మందిని కూర్చోబెట్టు. ఒక్క పూటే కదా.

నా మెమో సంగతి నేను చూసుకుంటాను. గది సంగతి చూడు.

సుజన


ఛత్రినాక,
18 జూలై 2025

సుజన బిడ్డకు,

నిన్నటి సంగతి మొదటి నుంచీ చెప్తాను, మధ్యలో దాటవేయకుండా చదువు.

నువ్వు చెప్పినట్టే మూడు రోజుల ముందే ఇంటింటికీ చెప్పాను. అందరూ వస్తామన్నారు. నేను మరచిపోయింది ఒక్కటే, ఆదివారం బోనాలు. గురువారం ఈ పాతబస్తీలో ఏ ఇంట్లో ఆడవాళ్లకు తీరిక ఉంటుంది? ఇళ్లు కడుక్కోవడం, సున్నాలు, మాదన్నపేట మార్కెట్‌కు పోవడం. పుస్తకాలు తిరిగి పంపమంటే, "సగంల ఉన్నది అన్నా, ఐనంక ఇస్త" అన్నారు.

పదకొండింటికి బాలరాజ్ సార్ వచ్చాడు. షెల్ఫులు సగం ఖాళీ. కుర్చీలు మొత్తం ఖాళీ. డానియేలు ఒక్కడు బల్ల మీద తల పెట్టి గురక పెడుతున్నాడు. సార్ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నేను తలకిందులుగా ఉన్న రాత కూడా చదవగలను, ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. పాఠకులు లేరు అని రాశాడు.

"పుస్తకాలు ఏవి?" అన్నాడు.

"చదువుతున్నారు సార్."

"ఎవరు?"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, మీ అత్తమ్మ నంబర్ కొట్టి, అందరూ వినేటట్టు పెట్టాడు. కిటికీలోంచి రింగు నాకు కూడా వినపడింది. మీ అత్తమ్మ ఎత్తింది.

"హలో, ఎవరు కావాలె?"

"మీరు ఎవరమ్మా?"

"నేను విమలాదేవిని. నీకెవరు కావాల్నో చెప్పు. రెండు వందల పన్నెండు మంది ఉన్నరు."

సార్ జాబితాలో వేలు పెట్టి కళ్లు మూసుకొని ఒక పేరు తీశాడు. "నూట నలభై ఏడు. యాదమ్మ."

"ఏ యాదమ్మ? ఆగమ్మ కోడలా, ఇస్త్రీ యాదమ్మనా?"

సార్ జాబితా చూశాడు. "భర్త పేరు రాజన్న."

"ఆగమ్మ కోడలు. లైన్ల ఉండు." ఆ వెంటనే కిటికీలోంచి మీ అత్తమ్మ వేసిన కేకకు డానియేలు లేచి కూర్చున్నాడు. కాసేపటికి ఫోన్‌లోకి తిరిగి వచ్చింది. "వస్తలేదు. అత్తకు చదివి వినిపిస్తున్నదంట, మధ్యల లేస్తే ముసల్ది తిడ్తదంట. నువ్వే రా. మూడో గల్లీ, నీలం తలుపు."

సార్ నా వైపు చూశాడు. నేను చెప్పులు వేసుకున్నాను.

నీలం తలుపు ఇంట్లో ఆగమ్మ వసారాలో కూర్చొని కొత్త కుండకు పసుపు రాస్తోంది. ఎనభై దాటింది, అక్షరం రాదు. యాదమ్మ గడప మీద కూర్చొని చదువుతోంది. అట్ట, పేరున్న పేజీ ఎప్పుడో పోయిన నవల అది, మా దగ్గర బావి పిల్ల కథ అంటాం. ఆగమ్మ సార్‌ను చూసి, "ఎవరు బిడ్డా, కరెంటోనివా?" అంది.

"కాదమ్మా. లైబ్రరీ ఆఫీసు నుంచి."

"ఐతే కూసో. సప్పుడు చెయ్యకు. ఆ పిల్ల బాయి దగ్గరికి పోతున్నది."

బిడ్డా, ఆయన కూర్చున్నాడు. నీళ్ల డబ్బా మీద, బ్యాగు ఒళ్లో పెట్టుకొని. యాదమ్మ చదువుతూ పోయింది. అరగంట. నాకు సగమే వినపడింది గానీ ఆయన మొహం మాత్రం పూర్తిగా కనపడింది. పిల్ల బావి గట్టు ఎక్కిన దగ్గర యాదమ్మ పుస్తకం మూసేసింది.

"తర్వాత?" అన్నాడు సార్.

"రేపు. ఇయ్యాల పనున్నది."

"అయితే ఆ పుస్తకం నాకు ఒక రోజు ఇవ్వండి."

ఆగమ్మ పసుపు చెయ్యి అడ్డం పెట్టింది. "గట్ల నడ్వది బిడ్డా. మా తర్వాత నాగమణమ్మకు పోవాలె, ఆమె తర్వాత ఇంక ఆరు ఇండ్లున్నయ్. నీకు కావాల్నంటే వరుసల నిలబడు."

ఆ తర్వాత ఆయన తొమ్మిది ఇళ్లూ తిరిగాడు. బసవయ్య ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక పుస్తకం, ఇంకో ఇంట్లో పూజగదిలో ఒకటి. ప్రతి ఇంట్లోనూ ఎవరి తర్వాత ఎవరో టకటకా చెప్పారు. తిరిగి వచ్చేసరికి గది ముందు నలుగురు ఫోన్లు పట్టుకొని నిలబడ్డారు, మెసేజ్‌లు నిజమేనా అని అడగడానికి. సార్ కుర్చీ లాక్కొని ఒకటి తనే వెతికి చూశాడు. అబద్ధమే.

పోయేటప్పుడు సంతకం పెట్టాడు. ఏం రాశాడో ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బస్సు దగ్గర మాత్రం ఒక్క మాట అడిగాడు.

"ఆ పిల్ల బతుకుతుందా?"

"చదివితే తెలుస్తది సార్," అన్నాను.

నీ మెమో సంగతి అడుగుదామనుకున్నాను. బస్సు కదిలింది.

మామ


కరీంనగర్,
30 జూలై 2025

మామా,

నా మెమో వెనక్కి తీసుకున్నారు. దాని మీద సార్ చేతిరాతతో, పేర్లు నిజమైనవి, మన ఫారం అసంపూర్ణం అని ఉంది. నేను దాన్ని జిరాక్స్ తీసుకున్నాను.

మీ గది మూసివేత ఆరు నెలలు ఆపారు. పూర్తిగా తీసెయ్యలేదు. లెక్క కంప్యూటర్‌లో చూపించమన్నారు, కథగా కాదు అన్నారు. అందుకని రెండు మార్పులు చేశాను. ఒకటి, ఉమ్మడి నంబర్ అన్న గడి. పీపీ అని రాద్దామంటే పక్క సీటు అమ్మాయి ఒప్పుకోలేదు. రెండోది, పుస్తకం తిరిగి వచ్చినప్పుడు దాన్ని ఎంతమంది చదివారో రాసే గడి. గల్లీ కార్డు అలాగే ఉంటుంది. వద్దన్న నా మాట వెనక్కి తీసుకున్నాను.

మెసేజ్‌లు సరిచూసే పని కూడా లెక్కలోకి వస్తుంది. దానికి పేపర్లు చాలవు కదా, ఒక ట్యాబ్ పంపిస్తున్నాం. స్రవ్యను నీకు నేర్పమను. మామా, ఫోన్ వచ్చాక గదికి పని పోతుందని మేమంతా అనుకున్నాం. డానియేలు పట్టుకొచ్చిన ఆ ఒక్క మెసేజ్ ముందు మా యాప్ చిన్నబోయింది.

సుజన


ఛత్రినాక,
14 ఆగస్టు 2025

సుజనకు,

ట్యాబ్ వచ్చింది. నా వేలు పెడితే కదలదు, మీ అత్తమ్మ వేలు పెడితే పరుగెత్తుతుంది. వేళ్లకు కూడా చదువుంటుందేమో. మెసేజ్‌లు ఇప్పుడు ఆమె వెతుకుతోంది, నేను పేపర్లు తిరగేస్తున్నాను. ఎవరు ముందు పట్టుకుంటారని పందెం. ఇప్పటిదాకా తొమ్మిది ఆమెవి, నాలుగు నావి.

నీ కొత్త గడి దగ్గర మాత్రం పెద్ద లొల్లి అయింది. జనం ఎక్కువ చెప్తారేమోనని నేను అనుమానపడ్డాను. తక్కువ చెప్తున్నారు. సగం చదివినవాళ్లు చదివినట్టు కాదని వాళ్లే కొట్టేసుకుంటున్నారు. పుస్తకం ఇంకా వరుసలోనే ఉన్నా, యాదమ్మ బావి పిల్ల కథకు తన ఇంటి లెక్క చెప్పడానికి వచ్చి, "ఒక్కరు" అంది. స్రవ్య ఒకటి అని కొట్టింది.

మరునాడు ఆగమ్మ వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఈ గడప ఎక్కలేదు. కర్ర బల్ల మీద పెట్టి అడిగింది.

"ఒక్కరని రాసినవంట. నేనేడ పోయిన కైలాసం?"

"నువ్వు చదవలేదు కదా పెద్దమ్మా."

"చదవకుంటే? బాయి దగ్గర ఆ పిల్ల ఏమన్నదో ఒక్క మాట పోకుండ చెప్త. నా కోడలు చదివింది గని రేపటికి మర్చిపోతది. ఎవరు చదివినట్టు?"

నేను పుస్తకాలతో చాలా వాదాలు చేశాను బిడ్డా, ఈ వాదంలో ఓడిపోయాను. ఆమె అడిగింది నీకు పంపిస్తున్నాను. వింటే లెక్కలోకి వస్తుందా, రాదా? ఆమె నా పక్కనే కూర్చొని ఉంది, జవాబు లేకుండా పోయేటట్టు లేదు.

మామ


కరీంనగర్,
26 ఆగస్టు 2025

మామా,

వస్తుంది. బాలరాజ్ సార్‌ను అడిగితే, ఆ రోజు నేను చేసింది కూడా అదే కదమ్మా అన్నారు. చదివినవారు అన్న గడి పక్కన విన్నవారు అన్న గడి పెట్టి, మీ గదికొక్కదానికే ఎందుకని నలభై శాఖలకూ పంపించాం.

నిన్న మొదటి వారం లెక్క వచ్చింది. నలభై శాఖల్లోనూ కలిపి చదివినవాళ్ల కంటే విన్నవాళ్లు ఎక్కువ. నేను తప్పనుకొని మూడుసార్లు లెక్కించాను. సార్ నా కుర్చీ వెనక నిలబడి చూశారు. మనం ఇన్నేళ్లూ ఎవరినీ లెక్కపెట్టనే లేదు సుజనా అన్నారు.

మూసివేత జాబితాను మొత్తంగా వెనక్కి తీసుకున్నారు, మీ గది ఒక్కటే కాదు. మళ్లీ కొత్తగా లెక్క వేస్తారట. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకోమన్నారు, ఈసారి కాగితం మీద.

ఆగమ్మకు నా దండాలు చెప్పు. సార్ ఒక సంగతి అడగమన్నారు. వరుస ఎంతదాకా వచ్చిందట?

సుజన


ఛత్రినాక,
1 సెప్టెంబర్ 2025

ఆఫీసరమ్మ సుజనకు,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. నేను చదివాను, మీ అత్తమ్మ చదివింది, డానియేలు నిద్ర లేచి చదివాడు. ఆ తర్వాత మూడో గల్లీకి పోయి ఆగమ్మకు చదివి వినిపించాను. నాకు చెవి సరిగ్గా లేదు కాబట్టి గట్టిగానే చదివినట్టున్నాను, పక్క ఇళ్లవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. నలభై శాఖల దగ్గర ఆగమ్మ నన్ను ఆపి, ఆ ముక్క రెండోసారి చదివించుకుంది.

మొత్తం అయ్యాక సార్ వరుస సంగతి అడిగాడని చెప్తే, "ఇంక రెండు ఇండ్లు. తొందరపడొద్దను," అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకొని, ట్యాబ్ తెచ్చావా అని అడిగింది. తెచ్చానన్నాను.

"మంచిగ రాసింది నీ మేనకోడలు. విన్న గదా. ఇగ రాస్కో."

"ఇది ఉత్తరం పెద్దమ్మా, పుస్తకం కాదు."

"నాకు రెండూ ఒక్కటే. నువ్వు చదివినవ్, నేను విన్న. రాస్కో."

రాసుకున్నాను. చదివినవారు ముగ్గురు, విన్నవారు పదకొండు మంది. పుస్తకం పేరు అన్న గడిలో ఏం పెట్టాలో తెలియక, సుజన ఉత్తరం అని కొట్టాను. మీ కంప్యూటర్ ఏమీ అడగకుండా తీసుకుంది.

మామ